పరాయి గడ్డపై సైనికుడికి వైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి సైన్యంలో పనిచేస్తున్నాడు. త్వరలో ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళంతో ఆఫ్రికాకు వెళ్తున్నాడు. అక్కడ సరైన రోడ్లు కూడా ఉండవంటున్నారు. గాయపడితే ఆసుపత్రికి చేరేలోపే ఆలస్యమైపోతుందేమోనని ఇంట్లో అందరికీ దిగులుగా ఉంది. అక్కడ వైద్యం ఎలా అందుతుందో దయచేసి వివరించండి.

జవాబు: అమ్మా, మీ దిగులు సహజమైనది. ఉత్త ధైర్యవచనాలు చెప్పడం కంటే అక్కడి ఏర్పాట్లు ఎలా ఉంటాయో, వాటి పరిమితులు ఏమిటో ఉన్నదున్నట్లు చెప్పడమే మంచిదనుకుంటున్నాను.

దూరదేశంలో గాయపడిన సైనికుడు బతుకుతాడా లేదా అన్నది గాయం తీవ్రతతో పాటు, గాయానికీ చికిత్సకూ మధ్య ఎంత సమయం గడిచిందన్న దానిమీద కూడా ఆధారపడి ఉంటుంది. అందుకే శాంతి దళాలకు ఐక్యరాజ్యసమితి ఒక కాలప్రమాణం పెట్టుకుంది. గాయపడిన 10 నిమిషాల్లో ప్రథమ చికిత్స, గంటలోపు శిక్షణ పొందిన వైద్య సిబ్బంది సంరక్షణ, రెండు గంటల్లోపు ప్రాణం నిలబెట్టే శస్త్రచికిత్స అందాలన్నది ఆ ప్రమాణం. ఆసుపత్రులు కూడా స్థాయిలవారీగా ఉంటాయి. బెటాలియన్ వెంట ఉండే చిన్న వైద్య కేంద్రం మొదటి స్థాయి, ఆపరేషన్ చేయగల ఆసుపత్రి రెండవ స్థాయి, వివిధ విభాగాల నిపుణులు ఉండేది మూడవ స్థాయి. కాంగోలోని గోమా నగరంలో భారత సైన్యం నడిపిన ఆసుపత్రి మూడవ స్థాయికి చెందినదే. అక్కడా సాధ్యం కాని చికిత్స అవసరమైతే విమానంలో మరో దేశానికి తరలిస్తారు.

ఆసుపత్రి ఎంత పెద్దదని కుటుంబ సభ్యులు ఎక్కువగా అడుగుతుంటారు. నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసినది, పక్కనున్న తోటి సైనికుడికి ఏమి చేతనవునన్నది. 2001 నుంచి 2011 వరకు యుద్ధగాయాలతో మరణించిన 4,596 మంది అమెరికా సైనికుల వివరాలను వైద్యులు పరిశీలించినప్పుడు, వారిలో సుమారు 87 శాతం మంది ఏ చికిత్సా కేంద్రానికీ చేరకముందే కన్నుమూశారని తేలింది. అలా దారిలోనే పోయిన వారిలో దాదాపు నాలుగోవంతు మందివి, సకాలంలో సరైన చికిత్స అంది ఉంటే బతికే అవకాశం ఉన్న గాయాలే. ఆ నాలుగోవంతులో పదింట తొమ్మిది మరణాలకు కారణం రక్తస్రావం.

చేతికో కాలికో పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. అప్పుడు డాక్టరు వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. టూర్నికెట్ అనే బిగింపు పట్టీని గాయానికి పైభాగంలో వేసి, రక్తం పూర్తిగా ఆగేవరకు బిగించి, వేసిన సమయాన్ని దానిమీదే రాయాలి. నొప్పి భరించలేక క్షతగాత్రుడు వదులు చేయమని వేడుకున్నా చేయకూడదు. పట్టీ వేస్తే కాలు తీసేయవలసి వస్తుందన్న భయం ఒకప్పుడు వైద్యుల్లోనే ఉండేది. రెండు గంటలలోపు ఆపరేషన్ బల్లమీదికి చేర్చగలిగితే అవయవానికి సాధారణంగా ముప్పు ఉండదని ఇటీవలి యుద్ధాల అనుభవం చూపింది. ఇప్పుడు చాలా సైన్యాల్లో ప్రతి సైనికుడూ ఈ పట్టీని తన వెంటే ఉంచుకుంటాడు, చీకట్లో ఒంటిచేత్తో తనకు తానే వేసుకోవడం కూడా సాధన చేస్తాడు.

అయితే ఛాతీలోనో పొట్టలోనో రక్తస్రావం జరుగుతుంటే ఏ పట్టీ దాన్ని ఆపలేదు. దానికి ఆపరేషనే మార్గం. ఆపరేషన్ దాకా ప్రాణం నిలవాలంటే రక్తం ఎక్కించాలి. నిల్వ రక్తం అందని చోట, ముందుగానే పరీక్షలు చేసి పెట్టుకున్న తోటి సైనికుల నుంచి అప్పటికప్పుడు రక్తం తీసి ఎక్కించే పద్ధతి ఉంది. రక్తపు గడ్డ కరిగిపోకుండా కాపాడే ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందును గాయపడిన మూడు గంటలలోపు ఇస్తే మేలు చేస్తుంది, ఆ గడువు దాటాక ఇస్తే చేయదు. ఇంకొక విషయం చాలామందికి వింతగా తోస్తుంది. మండుటెండలో గాయపడినవాడికి కూడా దుప్పటి కప్పాలి. రక్తం కోల్పోయిన శరీరం ఎడారిలోనైనా చల్లబడుతుంది, చల్లబడిన శరీరంలో రక్తం సరిగా గడ్డకట్టదు, దానితో రక్తస్రావం మరింత పెరుగుతుంది.

వేగంగా తరలించడం వల్ల ప్రయోజనం ఉంటుందా అంటే తప్పక ఉంటుంది. గాయపడినవారిని 60 నిమిషాల్లో చికిత్సకు చేర్చాలని అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 2009లో ఆదేశించిన తర్వాత, అఫ్గానిస్థాన్‌లో తరలింపుకు పట్టే మధ్యస్థ సమయం 90 నిమిషాల నుంచి 43 నిమిషాలకు తగ్గింది. గాయపడినవారిలో మరణించేవారి శాతమూ తగ్గింది. కానీ శాంతి దళాలకు అన్ని హెలికాప్టర్లు ఉండవు, వాన కురుస్తున్న రాత్రి అవి ఎగరలేకపోవచ్చు. అటువంటి రాత్రి గాయపడినవాడిని తెల్లవారేదాకా కాపాడగల నర్సింగ్ అసిస్టెంటును తయారుచేయడం మీద ఏ సైన్యమైనా ఇప్పటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీ వంతుగా చేయగలిగిన పని ఒకటుంది. ప్రయాణానికి ముందు జరిగే వైద్య పరీక్షలో ఉబ్బసం, ఫిట్స్, మందులు పడకపోవడం వంటివి ఏమున్నా దాచవద్దని మీ అబ్బాయికి చెప్పండి. పుచ్చిన పళ్లుంటే వెళ్లేలోపే చూపించుకోమనండి. మారుమూల శిబిరంలో పంటినొప్పి కూడా సైనికుడిని విధులకు దూరం చేస్తుంది.

ప్రశ్న: నేను ఎం.బి.బి.ఎస్. చదువుతున్నాను, సైనిక వైద్య విభాగంలో చేరాలని ఉంది. మన సైనికుడూ శత్రు సైనికుడూ ఒకేసారి గాయపడి వస్తే ఎవరికి ముందు చికిత్స చేయాలి?

జవాబు: ఎవరి పరిస్థితి ఎక్కువ విషమంగా ఉందో వారికి. 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 12వ అధికరణం దీన్ని స్పష్టంగా చెప్పింది. అత్యవసర వైద్య కారణాలు తప్ప, మరే కారణంతోనూ చికిత్సలో ఒకరిని ముందుకు, ఒకరిని వెనక్కు జరపకూడదు. పొద్దున తనతో కలిసి టీ తాగిన మిత్రుడు పక్క స్ట్రెచర్ మీద మూలుగుతుండగా, అతన్ని కాల్చినవాడి పొట్ట కుట్టడం ఎంత కష్టమో ఊహించండి. ఆ కష్టాన్ని తట్టుకోగలనా అని ఇప్పుడే మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవడం మంచిది. వైద్య సిబ్బంది మీద దాడి చేయకూడదన్న రక్షణను కూడా ఈ ఒప్పందమే ఇస్తుంది. ఆత్మరక్షణకూ, తమ సంరక్షణలో ఉన్న క్షతగాత్రుల రక్షణకూ వారు ఆయుధం ధరించవచ్చు.

చుట్టుపక్కల ప్రజల ఆరోగ్యం పట్ల కూడా సైనిక వైద్యుడికి బాధ్యత ఉంది. 2010లో హైతీలో, శాంతి దళ శిబిరం నుంచి మురుగు నదీజలాల్లో కలిసి కలరా వ్యాపించింది. ఆ మహమ్మారికి దాదాపు 10,000 మంది బలయ్యారు. కలరా వ్యాప్తి విషయంలో తగినంత చేయలేకపోయామంటూ ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ 2016 డిసెంబరులో హైతీ ప్రజలను క్షమాపణ కోరారు. శిబిరంలో మరుగుదొడ్డి ఎక్కడ తవ్వుతున్నారో, ఆ మురుగు ఎటు పోతుందో స్వయంగా వెళ్లి చూడని వైద్యాధికారి, ఆపరేషన్లలో ఎంత నేర్పరి అయినా, తన విధిని పూర్తిగా నిర్వర్తించినట్లు కాదు.

ప్రశ్న: స్వతంత్ర భారతదేశపు సైనిక వైద్యులు విదేశీ యుద్ధరంగంలో పనిచేసిన సందర్భాలున్నాయా?

జవాబు: ఉన్నాయి. వాటిలో అందరూ తెలుసుకోవలసినది కొరియా యుద్ధం. ఆ యుద్ధానికి భారతదేశం పోరాట దళాలను పంపలేదు, 60వ పారాచూట్ ఫీల్డ్ యాంబులెన్స్ అనే వైద్య దళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి.రంగరాజ్ నాయకత్వంలో 1950 నవంబరులో కొరియా చేరిన ఈ దళం 1954 ఆరంభం వరకు అక్కడే సేవలందించింది. ఒక భాగం బ్రిటిష్ కామన్వెల్త్ 27వ బ్రిగేడుతో ముందు వరుసలో ఉండగా, మరొక భాగం తేగు నగరంలో కొరియా సైనికులకూ పౌరులకూ వైద్యం చేసింది. 1950 డిసెంబరులో ప్యాంగ్యాంగ్ నుంచి సేనలు వెనక్కు తగ్గుతున్నప్పుడు వాహనాలు లేక పరికరాలన్నీ వదిలేయవలసిన స్థితి వచ్చింది. దళ సభ్యులు ఒక రైలింజనును వెతికి పట్టి, నీళ్లూ కట్టెలూ నింపి, తామే నడుపుకుంటూ పరికరాలతో సహా దక్షిణానికి చేరుకున్నారు. 1951 మార్చి 23న మున్సాన్ వద్ద అమెరికా పారాచూట్ దళంతో పాటు రంగరాజ్ సహా 12 మంది భారతీయ వైద్య సిబ్బంది విమానాల నుంచి దూకి, నేలమీద క్షతగాత్రులకు చికిత్స చేశారు. రంగరాజ్‌కు మహావీర చక్ర లభించింది. శస్త్రచికిత్స పెట్టెలను వదిలేస్తే వైద్యుడు తానొక్కడే వెనక్కు రాగలడు గానీ వైద్యం రాదు. ఆ పెట్టెలు వదలకుండా వాళ్లు చేసిన రైలు ప్రయాణం, పారాచూట్ దూకుడుకు ఏమాత్రం తీసిపోని సాహసమని నా అభిప్రాయం.

ప్రశ్న: మా వారు విదేశీ విధుల నుంచి తిరిగివచ్చి నాలుగు నెలలైంది. రెండు రోజులుగా చలిజ్వరం. అక్కడ మలేరియా మాత్రలు వాడారు కాబట్టి ఇది మామూలు జ్వరమే అంటున్నారు. పరీక్ష చేయించమంటారా?

జవాబు: ఈ రోజే చేయించండి. నివారణ మాత్రలు ముప్పును బాగా తగ్గిస్తాయి గానీ పూర్తిగా తొలగించవు. పైగా తిరిగి వచ్చాక కూడా వాటిని కొంతకాలం కొనసాగించాలి. ఉదాహరణకు డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు వేసుకోవాలి. ఇల్లు చేరిన సంతోషంలో చాలామంది మానేసేది ఇక్కడే. 2003లో లైబీరియా తీరంలో కొద్ది రోజులు మాత్రమే గడిపిన అమెరికా మెరైన్లలో సుమారు 80 మంది మలేరియా బారిన పడ్డారు. మాత్రలు ఇచ్చారు, కానీ క్రమం తప్పకుండా వేసుకున్నవారు తక్కువ.

కొన్ని రకాల మలేరియా క్రిములు కాలేయంలో నెలల తరబడి నిద్రాణంగా ఉండి తర్వాత బయటపడతాయి. కనుక నాలుగు నెలలు గడిచాయన్నది ధీమాకు కారణం కాదు. డాక్టరు వద్దకు వెళ్లినప్పుడు ఏ దేశం నుంచి ఎప్పుడు వచ్చారో మొదటి మాటగా చెప్పండి. ఒకసారి రక్తపరీక్షలో ఏమీ కనిపించకపోయినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల వ్యవధిలో మళ్లీ చేయించాలి. మత్తుగా ఉండడం, తికమకగా మాట్లాడడం, కళ్లు పచ్చబడడం, మూత్రం తగ్గడం వంటివి ఉంటే నేరుగా ఆసుపత్రిలో చేర్చండి. కాలేయంలో దాగిన క్రిములను నిర్మూలించడానికి ప్రైమాక్విన్ రాస్తే, దాన్ని మొదలుపెట్టే ముందు జీ6పీడీ అనే ఎంజైము పరీక్ష చేశారో లేదో అడిగి తెలుసుకోండి. ఆ ఎంజైము లోపం ఉన్నవారిలో ఈ మందు ఎర్ర రక్తకణాలను చితికిపోయేలా చేస్తుంది.