పాటతో పాఠం చెప్తానంటోంది మా అమ్మాయి: ఏం చదివించాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా అమ్మాయి బీఏ ఆఖరి సంవత్సరంలో ఉంది. కర్ణాటక సంగీతం, గాత్రంలో నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేసింది. ఏడాదిగా సాయంత్రం పూట మా వీధి పిల్లలకు ట్యూషన్ చెప్తోంది. గుణింతాలు, పద్యాలు, ఎక్కాలు అన్నీ పాటలూ తాళాలే. ఏడో ఎక్కం రాక ఏడ్చే పిల్లాడితో ‘తకిట తకధిమి’ అంటూ చప్పట్లు కొట్టించి చెప్పించింది. ‘నేను చిన్న పిల్లలకే టీచర్ని అవుతాను, ఇలాగే చెప్తాను’ అంటోంది. మ్యూజిక్ టీచర్ అంటే ఉద్యోగాలున్నాయా? ఎందుకైనా మంచిదని బీఈడీ చేయిద్దామని నా ఆలోచన. వాళ్లమ్మేమో బ్యాంకు కోచింగ్ అంటోంది. ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడిగింది మ్యూజిక్ టీచర్ గురించి. కానీ మీరు రాసిన దాంట్లో మీ అమ్మాయి ఎక్కడా సంగీతం నేర్పడం లేదు. ఎక్కాలు నేర్పుతోంది, గుణింతాలు నేర్పుతోంది. సంగీతం ఆమె చేతిలో సుద్దముక్క లాంటిది. ఈ తేడా పట్టుకుంటే మీ చిక్కు సగం విడిపోతుంది. సంగీతం నేర్పే టీచరు ఉద్యోగం వేరు, సంగీతంతో పాఠం చెప్పే టీచరు ఉద్యోగం వేరు. అర్హతలు వేరు, పరీక్షలు వేరు, ఖాళీల సంఖ్యలో అయితే పోలికే లేదు.

ఆ ఏడో ఎక్కం సంగతి దగ్గర కాసేపు ఆగాను. ఎక్కానికి ఏదో సినిమా బాణీ కట్టి పాడిస్తే పిల్లలు చిలకల్లా వల్లిస్తారు. మధ్యలో ఆపి ‘ఏడారులు ఎంత?’ అంటే మళ్లీ మొదటి నుంచి పాడాల్సిందే. మీ అమ్మాయి చేసింది అది కాదు. తకిట మూడు, తకధిమి నాలుగు, కలిపితే ఏడు, అదే మిశ్రచాపు తాళం. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పూర్తయితే ఏడు, రెండైతే పద్నాలుగు, మూడైతే ఇరవై ఒకటి. ఆ పిల్లాడు ఎక్కం బట్టీ పట్టలేదు, ఏడేసి చొప్పున చేతులతో లెక్కపెట్టాడు. ఇది ఆమెకు ఎవరైనా చెప్పారో, తనే కనిపెట్టుకుందో తెలియదు కానీ, మంచి టీచరుకు ఉండాల్సిన బుర్ర అదే.

ఇలాంటిదే నేను ఒక ప్రభుత్వ పాఠశాలలో ఐదో తరగతిలో చూశాను. భిన్నాల పాఠం. టీచర్ ఆది తాళం వేయిస్తోంది. ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. మొదట ఒక్కో క్రియకు, అంటే ఒక్కో దెబ్బకో వేలికో తిప్పుకో, ఒక్కో స్వరం, సరిగమపదనిస. తర్వాత రెండో కాలం, అంటే ఒక్కో క్రియకు రెండేసి స్వరాలు. మూడో కాలంలో నాలుగేసి. అప్పుడు ఆపి అడిగింది: ‘ఇప్పుడు ఒక్క స్వరానికి దెబ్బలో ఎంత వచ్చిందిరా?’ ‘పావు’ అన్నారు. బోర్డు మీద 1/2, దాని పక్కన 1/4 రాసింది. వెనక బెంచీలో ఒకడు లేచి, ‘నాలుగు పెద్దది కదా టీచర్, మరి పావు చిన్నదెట్లా అయింది?’ అన్నాడు. ఆవిడ జవాబు చెప్పలేదు, మళ్లీ మూడు కాలాలూ వాడి చేత పాడించింది. మూడో కాలానికి వచ్చేసరికి వాడికి ఊపిరి అందలేదు. ‘టైం చాలట్లేదు టీచర్’ అని, ఒక్క క్షణం ఆగి, ‘ఓ, అందుకే చిన్నది’ అన్నాడు.

ఇంతకీ ఆ టీచరుది గొప్ప గొంతేం కాదు. శ్రుతి కూడా అక్కడక్కడ జారింది.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. ముందు మీ అమ్మాయి కోరుకున్న దారి, చిన్న పిల్లల టీచరు. మన రాష్ట్రంలో ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పేది ఎస్జీటీలు, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్లు. దీనికి డిగ్రీ కూడా అక్కర్లేదు. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈఎల్ఈడీ (ప్రాథమిక విద్యలో డిప్లొమా), టెట్ (టీచరు అర్హత పరీక్ష) పేపర్-1, ఆ పైన డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష). 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులుంటే అందులో ఆరు వేలకు పైగా ఎస్జీటీలే. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పడినప్పుడు మాత్రం పోస్టులు వేలల్లో ఉంటాయి.

ఇక్కడే మీ బీఈడీ ఆలోచనకు బ్రేక్ వేయాలి. ‘ఎందుకైనా మంచిదని బీఈడీ’ అనేది పాత మాట. ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు ఇచ్చింది. బీఈడీ చేస్తే ఆరో తరగతి నుంచి పైకి చెప్పాలి. అది తెలియక బీఈడీ చేసి, ఎస్జీటీకి అప్లై చేయబోయి తలపట్టుకున్న పిల్లలు నా దగ్గరికి చాలామందే వచ్చారు. మీ అమ్మాయి మనసు రెండో తరగతి, మూడో తరగతి పిల్లల మీద ఉంది. కాబట్టి డీఈఎల్ఈడీయే. డిగ్రీ అయ్యాక మళ్లీ ఇంటర్ అర్హత ఉన్న కోర్సా అని బంధువులు మూతి విరుస్తారు. విరవనివ్వండి. ప్రవేశ పరీక్ష డీసెట్. ఇంటర్‌లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం మార్కులు చాలు. సీటు వచ్చే పనైతే జిల్లాలోని ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ కాలేజీ, డైట్‌కే మొదటి ఆప్షన్ పెట్టమనండి. అటెండెన్స్ కొనుక్కునే ప్రైవేటు కాలేజీలో చేరితే ఆ రెండేళ్లలో దొరకాల్సిన అసలు విషయం, నిజమైన బడిలో నిజమైన పిల్లల ముందు నిలబడటం, దొరకదు.

టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి, టెట్ పాసైపోయినా స్కోరు పెంచుకోవడానికి మళ్లీ రాయొచ్చు. దాంతోపాటు కేంద్రం పెట్టే టెట్, సీటెట్ పేపర్-1 కూడా రాయించండి. ఒకసారి అర్హత వస్తే జీవితాంతం చెల్లుతుంది. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ టీచరు పోస్టుకు అది పనికొస్తుంది.

ఇక రెండో దారి, సంగీతమే సబ్జెక్టుగా ఉండే టీచరు. ఇక్కడ జీతం బాగుంటుంది, తలుపు ఇరుకు. కేంద్రీయ విద్యాలయాల్లో పీఆర్టీ మ్యూజిక్ అని, అంటే ప్రాథమిక తరగతుల సంగీతం టీచరు, పోస్టు ఉంది. ఏడో వేతన సంఘం లెక్కన మూల వేతనం 35,400 దగ్గర మొదలవుతుంది. అయితే వాళ్లు అడిగేది సంగీతంలో డిగ్రీ లేదా దానికి సమానమైనది. ఆ ‘సమానమైనది’ అన్న మాట దగ్గరే గొడవంతా. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, దాని మీద రెండేళ్ల డిప్లొమా ఉంటాయి. విద్య పరంగా అవి గట్టివే. కాగితం పరంగా యూనివర్సిటీ డిగ్రీతో సమానమా కాదా అన్నది ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా తేలుతుంది. కాబట్టి పాత నోటిఫికేషన్ డౌన్‌లోడ్ చేసి అర్హతల పేరా అక్షరం అక్షరం చదవండి. ఎవరో చెప్పారని ఫీజు కట్టొద్దు. నవోదయల్లోనూ సంగీతం టీచర్లుంటారు, అక్కడ హాస్టల్ పిల్లలతో రాత్రీ పగలూ ఉండాలి. తెలంగాణ గురుకులాలు 2023లో ఒకేసారి 124 మ్యూజిక్ టీచర్ పోస్టులు వేశాయి. చూడటానికి బాగుంటుంది కానీ అక్కడ 95 శాతం స్థానికులకే. మీరు బొబ్బిలి వాళ్లు.

చట్టంలో ఇంకో మాట ఉంది. విద్యా హక్కు చట్టం, 2009 ప్రకారం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలున్న బడికి కళా విద్యకు పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. చదివితే సంతోషమే. కానీ ‘పార్ట్ టైం’ అన్నాక అది గౌరవ వేతనమే, జీతం కాదు. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల తండ్రిగా మీరు అడిగే ‘పర్మనెంటేనా?’ అన్న ప్రశ్నకు అక్కడ జవాబు లేదు. (పెళ్లి సంగతి మీరు ఎత్తలేదు, నేనే ఊహించాను. తప్పైతే మన్నించండి.)

ప్రైవేటు స్కూళ్ల గురించి ఉన్నమాట చెప్తాను. సీబీఎస్ఈ 2019లోనే ప్రతి తరగతికీ వారానికి కనీసం రెండు పీరియడ్లు కళా విద్యకు కేటాయించాలని చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా చదువు, కళ అని గోడ కట్టొద్దంది. దాంతో స్కూళ్లు మ్యూజిక్ టీచర్లను తీసుకుంటున్న మాట నిజం. తీసుకున్నాక చాలాచోట్ల జరిగేది ఇది: పొద్దున ప్రేయర్, డిసెంబరు నుంచి యాన్యువల్ డే, ఎవరైనా టీచర్ సెలవు పెడితే ఆ క్లాసు చూసుకోవడం. పదో తరగతి పరీక్షలు దగ్గరికొస్తే మ్యూజిక్ పీరియడ్ లెక్కల సారు పట్టుకుపోతారు. కళను పాఠంలో కలపడమంటే చార్టు మీద రంగులేసి గోడకు అంటించడమే అనుకునే యాజమాన్యాలు కూడా ఉన్నాయి. బాగా నడిపే బడులు లేవని కాదు. హైదరాబాద్, విశాఖల్లోని కొన్ని ఇంటర్నేషనల్ స్కూళ్లలో సంగీతం, నాటకం నిజంగానే సబ్జెక్టులు. అక్కడికి వెళ్లాలంటే ఇంగ్లిష్‌లో ధారాళంగా మాట్లాడాలి, కీబోర్డు వాయించగలిగితే ఇంకా మంచిది. మీ అమ్మాయి ఇంగ్లిష్ ఎలా ఉందో మీరు రాయలేదు.

అందుకే నా మాట: ముందు టీచరు అర్హత, పక్కన సంగీతం. డీఈఎల్ఈడీ రెగ్యులర్ కోర్సు, అటెండెన్స్ తప్పదు, కాబట్టి ఆ రెండేళ్లూ సంగీతం డిప్లొమా వెనక్కి జరిగినా కంగారు పడొద్దు. సాధన మాత్రం ఆపొద్దని చెప్పండి. తర్వాత డిప్లొమా చేయాలంటే మీకు విజయనగరం ఉండనే ఉంది. 1919లో పెట్టిన సంగీత కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల చదువుకున్నది అక్కడే. కళ్లు కనిపించని ఒక పిల్లాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచన నుంచే ఆ కాలేజీ పుట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఎస్జీటీ ఉద్యోగం వస్తే పాటలతో చెప్పనిస్తారా అని మీ అమ్మాయికి అనుమానం ఉండొచ్చు. చెప్పొద్దనేవాళ్లు ఎవరూ ఉండరు. సిలబస్ అవ్వాలి, పిల్లలకు చదవడం రాయడం రావాలి, రిజిస్టర్లు నిండాలి, యాప్‌లో ఫొటోలు ఎక్కాలి. ఇవయ్యాక మిగిలిన టైంలో కాదు, వీటి మధ్యలోనే ఆమె పాట దూరాలి. ఆ నేర్పు ఒక్కరోజులో రాదు. సర్వీసులోకి వచ్చాక సీసీఆర్‌టీ అనే కేంద్ర సంస్థ ఉంది, 1979 నుంచి టీచర్లకు కళల్ని పాఠాల్లో ఎలా వాడాలో శిక్షణ ఇస్తోంది. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో తన క్లాసు చూపించే అవకాశం వస్తే వదులుకోవద్దనండి. ఒక మండలంలో పదిమంది టీచర్లు మిశ్రచాపు ఎక్కం పట్టుకుంటే అది సర్క్యులర్ కంటే బాగా పాకుతుంది.

ఇంకో జాగ్రత్త ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. గొంతు. పాడే గొంతుతో రోజూ ఐదారు గంటలు నలభై మంది మీద అరిస్తే మూడేళ్లలో బొంగురు పోతుంది. పాడేవాళ్లకు అది మామూలు టీచర్లకన్నా ఎక్కువ నష్టం. క్లాసును నిశ్శబ్దం చేయడానికి అరవకుండా ఒక తాళం దెబ్బను గుర్తుగా అలవాటు చేయమనండి. ఆమె కొట్టగానే పిల్లలు బదులు కొట్టి ఆగాలి. వారంలో కుదురుతుంది.

వాళ్లమ్మ గారి బ్యాంకు మాట. కోచింగ్ చెడ్డదని అనను. కానీ ఇష్టం లేని పిల్ల రెండేళ్లు ఆ పుస్తకాల ముందు కూర్చుంటే డబ్బు పోవడం అటుంచి, మొట్టమొదట ఆగిపోయేది సాయంత్రం ట్యూషనే. డీఈఎల్ఈడీ చేస్తూ కూడా ఆ ట్యూషన్ నడుస్తుంది, నాలుగు డబ్బులొస్తాయి. డీఎస్సీ ఆలస్యమైతే ఆ ఆదాయమే ఆదుకుంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పేవాళ్లు మన పల్లెటూళ్లలో కూడా ఉన్నారు. అది పక్క సంపాదనగా బాగుంటుంది, దాని మీదే ఇల్లు నడవాలంటే మాత్రం కష్టం.

చివరగా ఈ మాట అమ్మాయికి. అమ్మా, డీసెట్‌కు ఇంకా టైం ఉంటే ఒక పని చెయ్యి. మీ ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారిని అడిగి ఒక వారం, రోజుకు ఒక్క పీరియడ్, మూడో తరగతి తీసుకో. వీధిలో నీ దగ్గరికి వచ్చేది ఏడెనిమిది మంది, ఇష్టపడి వచ్చినవాళ్లు. బడిలో అలా ఉండదు. ఒకడు నిద్రపోతుంటాడు, ఒకడు కిటికీలోంచి మేకలు చూస్తుంటాడు. ఎనిమిదో ఎక్కం చెప్పి చూడు, తాళం నీ ఇష్టం. ఆ తర్వాతి సోమవారం వెళ్లి, పాడించకుండా, తాళం వేయించకుండా, ‘ఎనిమిది ఏడులు ఎంత?’ అని ఒక్కొక్కళ్లనీ అడుగు. ఎంతమందికి వచ్చిందో, రానివాళ్లు ఎక్కడ ఆగారో ఒక కాగితం మీద రాసి నాకు పంపు. ఆ పాట రికార్డింగ్ అక్కర్లేదు.