నేటాల్ ఓడ జాబితాలో ఉన్న ‘గంజాం’ ఊరు ఒడిశాలో దొరకట్లేదంటే

మీ ముత్తాత అప్పన్న కూలీగా నేటాల్‌కు (ఇప్పటి దక్షిణాఫ్రికాలో ఒక భాగం) వెళ్లారని, ఓడ ప్రయాణికుల జాబితాలో గంజాం జిల్లా అని ఉన్న ఆయన ఊరు ఒడిశాలో దొరకట్లేదని అడిగారు. మీరు ఇప్పటి గంజాంలో వెతుకుతున్నారు, చిక్కు అక్కడే. జాబితాలో ఆయన పేరు పక్కన ఉన్న ‘గంజాం జిల్లా, చికకోల్ తాలూకా’ 1936కు ముందటి లెక్క. చికకోల్ అంటే శ్రీకాకుళమే. 1936లో గంజాం ఒడిశాకు వెళ్లినప్పుడు ఈ భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది.

1. శ్రీకాకుళం చుట్టుపక్కల మండలాల్లో వెతకండి. జాబితా రాసిన గుమాస్తా చెవికి వినబడింది ఇంగ్లీషులో రాసుకున్నాడు కాబట్టి ట–త, డ–ద, ళ–ల మార్చి చూడండి.

2. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లొస్తే, అదే ఓడలో అదే తాలూకా నుంచి ఎక్కినవాళ్ల వరుసలూ చదవండి. ఒకరి దగ్గర చెడిన స్పెల్లింగు ఇంకొకరి దగ్గర సరిగ్గా ఉండొచ్చు.

3. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఎవరో మీ ముత్తాతని మరో ‘అప్పన్న’తో కలిపేశారన్నారు. అది అందరూ దిద్దే ఉమ్మడి వంశవృక్షం. మార్పుల చరిత్ర తెరిచి ముందు ఆ విలీనాన్ని రద్దు చేయండి, కొత్త వివరాలు ఆ తర్వాతే చేర్చండి.

చాలామంది వదిలేసేది కలోనియల్ నంబరు. నేటాల్‌కు వెళ్లిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు. అప్పన్నలు ఎందరైనా ఉంటారు, నంబరు మాత్రం ఒక్కరిదే. దాన్ని ప్రొఫైల్లో, మార్పుకు కారణం రాసే గడిలో కూడా పెట్టండి. జాబితా పేజీ బొమ్మ జతచేయండి. ఊరి పేరు జాబితాలో ఉన్నట్టే ఉంచి, మీరు తేల్చిన ఇప్పటి పేరు నోట్‌లో రాయండి. విలీనం చేసిన సభ్యుడికి నంబరుతో సహా సందేశం పంపండి, లేకపోతే మళ్లీ కలిపేస్తారు.