‘పేపర్లన్నీ క్లియర్’ అంటే ఏ పేపర్లు? ఏజీపీఏ, నోటరీ, సేల్ డీడ్

హైదరాబాద్ శివారులో రెండు ఇళ్ళు చూశామని, ఒకటి ఏజీపీఏ మీద, ఇంకోటి నోటరీ కాగితం మీద అమ్ముతున్నారని, నోటరీది పది లక్షలు తక్కువకు వస్తోందని, ఇద్దరూ ‘పేపర్లన్నీ క్లియర్’ అంటున్నారని మీరు రాశారు. నోటరీ ఇల్లు కొనొద్దు, వదిలేయండి. ఏజీపీఏ గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే 2017లో మేం 50 వేలు పోగొట్టుకున్నది అక్కడే.

ఏజీపీఏ అంటే అమ్మకం ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) రెండూ కలిపి రాసుకున్న దస్తావేజు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే రిజిస్టర్ అవుతుంది, స్టాంపులు, ఫోటోలు, వేలిముద్రలు అన్నీ ఉంటాయి, మాలాంటి వాళ్ళకి చూడ్డానికి అచ్చం ఇల్లు మన పేరుకి మార్చే సేల్ డీడే. 2017లో అలాంటి ఇంటికి 50 వేలు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేసి లోన్ కోసం బ్యాంకుకి వెళ్తే, అక్కడి లాయరు రెండు పేజీలు తిప్పి, “ఈయన ఓనరు కాదమ్మా, ఓనరు తరఫున అమ్మిపెట్టే మనిషి” అన్నాడు. అసలు ఓనరు ఎక్కడున్నాడని వెతికితే, ఆయన పోయి రెండేళ్ళయిందట. మామూలుగా జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే ఆ అధికారమూ అక్కడితో సరి. డబ్బు పుచ్చుకుని ఇచ్చిన జీపీఏ అలా పోదని వాదించొచ్చు గానీ, దానికి కోర్టుకెక్కాలి, ఈఎంఐ కట్టుకుంటూ ఆ టెన్షన్ ఎవరికి కావాలి? జీపీఏ మీద అమ్మితే యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. మా టోకెన్ మాత్రం తిరిగి రాలేదు.

మీ విషయంలో అసలు ఓనరు బతికే ఉండి, తనే వచ్చి మీ పేరున సేల్ డీడ్ రాస్తానంటే, ఏజీపీఏ ఉన్నాయన కూడా నాకు అభ్యంతరం లేదని అందులోనే సంతకం పెడితే, అప్పుడు ఆలోచించండి.

ఇక నోటరీ. ఫలానా మనిషి నా ఎదుట సంతకం పెట్టాడు అనడం వరకే నోటరీ పని. ఇల్లు చేతులు మారాలంటే రిజిస్ట్రేషన్ కావాల్సిందే. అసలు అడగాల్సింది, పది లక్షలు తగ్గించుకోడానికి సిద్ధపడ్డ మనిషి రిజిస్ట్రేషన్ ఎందుకు చేయించట్లేదు అని. చాలాసార్లు అది అసైన్డ్ భూమి (సర్కారు పేదలకిచ్చింది) అయ్యుంటుంది, లేదా సర్కారుదో దేవాదాయ శాఖదో వక్ఫ్‌దో అయి రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటుంది. అసైన్డ్ భూమి అమ్మకాలకు 1977 చట్టం అడ్డం. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించి ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాం అంటారు, ఉంటున్నారు నిజమే, కానీ ఆ రసీదులు హక్కు పత్రాలు కావు. సర్కారు స్థలాల్లో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ కోసం తెలంగాణ తెచ్చిన 58, 59 జీవోల కింద రెగ్యులరైజ్ అవుతుంది అని కూడా చెప్తారు. అయిందా, అయితే అమ్ముకునే హక్కుతో అయిందా, ఆ కాగితం చూపించమనండి. ‘అప్లై చేశాం’ అంటే కానట్టే లెక్క.

సేల్ డీడ్ ఉంటే ఇంక ఢోకా లేదని కూడా అనుకోకండి. 2018లో మేం చివరికి కొన్న ఇంటికి సేల్ డీడ్ ఉంది, 30 ఏళ్ళ ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉంది. అమ్మేవాళ్ళ నాన్న కొన్నది, ఆయన తర్వాత అన్నదమ్ములు ఇద్దరూ పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేసుకున్నారు, అందులో పెద్దబ్బాయి భాగం ఇది. ఈసారి మేమే పెట్టుకున్న లాయరు అంతా చదివి ఒకటే అడిగాడు, “ఆడపిల్లలు లేరా?” అని. ఉంది. అందరికంటే పెద్దావిడ, షోలాపూర్‌లో కాపురం. “పెళ్ళప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం” అన్నారు వీళ్ళు. తండ్రి స్వార్జితం, వీలునామా రాయలేదు, అలాంటప్పుడు కూతురికీ కొడుకులతో సమానంగా వాటా ఉంటుంది, ఇది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే. ఈసీలో ఇదెక్కడా కనపడదు, రిజిస్టర్ అయినవే అందులోకి ఎక్కుతాయి, సంతకం పెట్టని అక్క ఎక్కదు.

రెండు నెలలు ఆగాం. ఆవిడ వచ్చింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో తమ్ముణ్ణి “నా వాటా ఎంతరా?” అని అడిగింది. గంటన్నర గొడవ. మేం ఫైలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాం, లోపల మా నంబరు పిలిచి దాటిపోయింది. ఎంతకు ఒప్పుకుందో మాకు తెలీదు, సాయంత్రానికి తమ్ముడితో పాటు తనూ అమ్మేవాళ్ళలో ఒకరిగా మా సేల్ డీడ్ మీద సంతకం పెట్టింది.

రిజిస్ట్రారు దస్తావేజు నమోదు చేస్తాడంతే, అమ్మేవాడికి హక్కుందని సర్కారు గ్యారంటీ ఇవ్వదు. ఆంధ్రలో అలాంటి గ్యారంటీ అంటూ 2022లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం తెచ్చారు, 2024లో రద్దు చేశారు, ఆ రాజకీయం ఇక్కడ వద్దు. కాబట్టి ఇది అమ్మేవాడి చేతికి ఎలా వచ్చింది, అతనికి ముందు వాడికెలా వచ్చింది, ఇలా లింక్ డాక్యుమెంట్లు వెనక్కి చదువుకుంటూ పోవడమే. జిరాక్సులు కాదు, ఒరిజినల్స్ అడగండి. ఫ్లాట్ అయితే దీంతోపాటు అందరి ఉమ్మడి నేలలో మీ వాటాకి ఎన్ని గజాల అవిభక్త స్థలం రాశారో చూడాలి, అది వేరే కథ.

అడ్వాన్స్ ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ముందు ఈసీ తీసి, సర్వే నంబరు 22-ఏ జాబితాలో ఉందేమో చూడండి, రెండూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. తర్వాత బ్రోకరు చూపించిన లాయరు కాకుండా మీ సొంత లాయరు దగ్గరికి వెళ్ళండి. ఇచ్చేసి ఉంటే రసీదులో ఏం రాసుకున్నారో ఇక్కడ పెట్టండి, పేర్లు కొట్టేసి.