హ్యాండిల్ పక్కకి తిరిగింది, క్లెయిమ్ పెట్టాలా?

మీకు దెబ్బలు తగల్లేదు, అదే పదివేలు బ్రదర్. సిగ్నల్ దగ్గర ఆటో తగిలి బండి పడ్డాక ఇండికేటర్ విరిగింది, హ్యాండిల్ ఓ పక్కకి తిరిగింది అన్నారు. హ్యాండిల్ మార్చాలేమోనని టెన్షన్ పడకండి. చాలాసార్లు ఫోర్కులే (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) వాటిని బిగించే క్లాంపుల్లో కాస్త మెలి తిరుగుతాయి. మెకానిక్ బోల్టులు వదులు చేసి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని సరిచేసి బిగిస్తాడు. ఫోర్కు సీళ్ల దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో, చక్రం తిప్పితే డిస్కు ఊగుతోందేమో మాత్రం దగ్గరుండి చూడండి. అది తేలేదాకా బండి తీయొద్దు.

ఇంత చిన్నదానికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన బండి నష్టం కోసం కట్టేది) క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, వరసగా ఐదేళ్లు గడిస్తే 50 శాతం తగ్గించేది అదే. రిపేరు ఎస్టిమేట్ తీసుకుని, పోయే బోనస్‌తో పోల్చి లెక్కేసుకోండి. పెట్టాలనుకుంటే రిపేరుకి ముందే కంపెనీకి చెప్పాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే) ఒక్కటే ఉంటే మీ బండికి ఏమీ రాదు.

ఇక జంక్షన్ల సంగతి. గ్రీన్ పడగానే దూకకండి. నేనైతే ఆటో ఇండికేటర్ చూడను (వేస్తే కదా!), ముందు చక్రం చూస్తా. అది ఎటు తిరిగితే ఆటో అటే. బస్సు పక్కన ఆగితే అవతలివాళ్లకి మనం కనపడం, అందుకే ఒక బండి దూరం వెనకే ఉంటా.