శవం వచ్చాడా, వచ్చిందా?

సందేహం: కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’లోకి జాంబీలను దించి ఒక పేరడీ రాస్తున్నాను. చచ్చిన మనిషి లేచి నడిచొస్తే ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా? జాంబీని దెయ్యం అనవచ్చా? నేను చేర్చే వాక్యాలు వాడుక భాషలో ఉండొచ్చా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: దెయ్యం కుదరదు. దెయ్యానికి ఒళ్ళు లేదు కాబట్టే ఇంకొకరిని పట్టుకుంటుంది. జాంబీకి ఉన్నదల్లా ఒళ్ళే. శవం అనండి, లేదా జాంబీ అనే ఉంచండి. బేతాళుడు మాత్రం వద్దు. చందమామ కథల్లో విక్రమార్కుడి భుజం మీది శవం ‘అది’, అందులోంచి కథ చెప్పే బేతాళుడు ‘అతడు’.

‘వచ్చాడు’ సంగతీ ఇక్కడే తేలిపోతుంది. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి లెక్కలో ఆడవాళ్ళు, జంతువులు, జడవస్తువులు పోగా మిగిలినవి మహత్తులు. నడిచే శవం జంతువో జడమో ఆయన్ను అడిగినవాళ్ళు లేరు గానీ, ఎటు చేర్చినా అమహత్తే. కాబట్టి చుట్టాలు వచ్చారు, శవాలు వచ్చాయి. మనిషి శవంగా మారే ఘడియలో మాత్రం పేరు మార్చకండి, క్రియ ఒక్కటే మార్చండి:

‘మామయ్యగారు మంచం మీంచి లేచి, పంచె సర్దుకుని, గుమ్మం దాటి వచ్చింది.’

లేచి, సర్దుకుని, దాటి – ఈ క్త్వార్థకాలకు, అంటే వాక్యాన్ని ముగించని క్రియలకు, లింగం లేదు. వాక్యం చివరిదాకా పాఠకుడికి అనుమానం రాదు. ఇది పుస్తకం మొత్తానికి ఒక్కసారే చేయాలి. రెండోసారి చేస్తే అచ్చుతప్పు అనుకుంటారు.

ఆడవాళ్ళ దగ్గర ఈ ఎత్తు పారదు, ఇంతకంటే మంచిది దొరుకుతుంది. జేన్ ఆస్టిన్ 1813 నాటి నవలలోకి సెత్ గ్రహామ్-స్మిత్ జాంబీలను చొప్పించి, 2009లో ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్ అండ్ జాంబీస్’ తెచ్చాడు. అందులో షార్లెట్‌కు జాంబీ రోగం అంటుకుంటుంది. అయినా కాలిన్స్‌ను పెళ్ళి చేసుకుని కాపురం చేస్తూ కొంచెం కొంచెంగా మారిపోతుంది, మొగుడు చాలాకాలం గమనించనే గమనించడు. మన భాషలో మనిషిగా ఉన్నా ‘షార్లెట్ వచ్చింది’, శవమయ్యాకా ‘షార్లెట్ వచ్చింది’. ఏకవచనంలో ఆడవాళ్ళకూ అమహత్తులకూ క్రియ ఒకటే కదా. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. ఆమె, అది అనే సర్వనామాలు వాడితే గుట్టు రట్టవుతుంది, ఆ పేజీల్లో పేరే మళ్ళీ మళ్ళీ రాయండి. ఎవరిని రహస్యంగా మార్చబోతున్నారో ఆవిడకు మొదటినుంచీ ‘గారు’ తగిలించకండి. మన బెజవాడ, గుంటూరు ఇళ్ళలో అత్తగారు ‘వచ్చారు’. ఆవిడ ఒకనాడు ‘వచ్చింది’ అంటే శవమైందని కాదు, కోడలికి కోపమొచ్చిందని అర్థం చేసుకుంటారు!

వాడుక భాష ప్రశ్నకు జవాబు: ఉండకూడదు. గ్రహామ్-స్మిత్ పుస్తకంలో ఎక్కువ భాగం ఆస్టిన్ వచనమే. కొత్త వాక్యం పాతదానికి అతుకు కనబడకుండా కలిస్తేనే నవ్వొస్తుంది. 1880లో పుస్తకంగా వచ్చిన వీరేశలింగం గారి వచనం గ్రాంథికం. అందులో ‘శవాలు వచ్చాయి’ అని రాస్తే పట్టుపంచె మీద టీషర్టే. ‘శవములు వచ్చెను’ అనాలి. ‘వచ్చిరి’ మనుషులకే. ‘వానిని కరిచెను’ కాదు, ‘వానిఁ గఱచెను’: ద్రుతం, అంటే పదం చివరి నకారం, మీద క గ అవుతుంది, కఱచుకు బండి ఱ.

గ్రాంథికంలో ఇంకో లాభం ఉంది. భూతకాలంలో మగవాడికైనా శవానికైనా ‘వచ్చెను’ ఒకటే. చనిపోయాడని కబురొచ్చిన, రాజశేఖరుడి కూతురు రుక్మిణి భర్త నృసింహస్వామి తిరిగొచ్చే ఘట్టంలో ‘నృసింహస్వామి వచ్చెను’ అని ఆపండి. వచ్చినవాడు మనిషో కాదో రెండు పేజీలు తేల్చకండి. తేల్చదలిస్తే వర్తమానంలోకి రండి: ‘వచ్చుచున్నాఁడు’ అంటే అల్లుడు, ‘వచ్చుచున్నది’ అంటే తలుపు గడియ వేసుకోవలసిందే.