బ్రిటిష్ నటి ఎలెన్ టెర్రీ గౌను మీద మెరిసేవి నిజంగా పురుగు రెక్కలేనా?
అవును, 1888లో లండన్ లైసియం థియేటర్‌లో షేక్స్‌పియర్ నాటకం ‘మక్బెత్’లో లేడీ మక్బెత్‌గా ఎలెన్ టెర్రీ వేసుకున్న ఆకుపచ్చ గౌనుకు కుట్టినవి దాదాపు వెయ్యి నిజమైన పురుగు రెక్కలు. ఆ గౌను మెత్తటి కవచంలా, పాము పొలుసుల్లా కనిపించాలని డిజైనర్ ఆలిస్ కామిన్స్ కార్ కోరుకున్నారు. ఆ రెక్కలు జ్యువెల్ బీటిల్ అనే మెరిసే పురుగువి. దాని మెరుపు రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు. పెంకులోని సన్నటి పొరల మీద వెలుతురు పడే తీరు వల్ల వస్తుంది. అందుకే గ్యాస్ దీపాల కింద నటి కాస్త కదిలితే చాలు, పచ్చ నీలంలోకి జారుతుంది. ఆ రంగు అంత తేలిగ్గా వెలిసిపోదు కూడా: ఇంగ్లండ్‌లోని కెంట్‌లో టెర్రీ ఇంట్లో ఉన్న ఆ గౌను ఇప్పటికీ తళతళలాడుతోంది. చాలామంది ఇవి ఎగరడానికి వాడే పల్చటి రెక్కలనుకుంటారు. కాదు, వాటిని కప్పి ఉంచే గట్టి పైపెంకులు. పల్చటివైతే సూది పోటుకే చిరిగిపోయేవి.