డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కి డిజిటల్ సంతకం (కంపెనీ తన ఫైల్ మీద వేసే ముద్ర లాంటిది) ఉంటే, అందులో అక్కర్లేని సాఫ్ట్‌వేర్ లేనట్టేనా?

కాదు. నేనూ ఒకప్పుడు మీలాగే అనుకుని, పెళ్లిళ్ల సీజన్‌లో ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

హనుమకొండ చౌరస్తా దగ్గర మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పెళ్లి పత్రికలు. ఒక శ్రావణంలో పరకాల నుంచి ఒక పెద్దాయన పత్రిక మ్యాటర్ పీడీఎఫ్‌లో పట్టుకొచ్చాడు. దాన్ని వర్డ్‌లోకి మార్చాలి. మా దగ్గర పనిచేసే పిల్లగాడు గూగుల్‌లో కొట్టి, అన్నిటికంటే పైన వచ్చిన లింకు నొక్కి ఒక కన్వర్టర్ డౌన్‌లోడ్ చేశాడు. అది ప్రకటన అని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చూసేదెవరు?

నేను పెద్ద తెలివైనవాడిలా "ఆగు తమ్మీ" అని ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ తెరిచాను. డీటెయిల్స్ నొక్కితే సంతకం ఓకే అని వచ్చింది. ఇంకేం, కానియ్యి అన్నాను. సంతకం పెట్టిన కంపెనీ పేరుకీ ఆ కన్వర్టర్ పేరుకీ ఏ సంబంధమూ లేదు. అది కళ్లకు కనబడుతున్నా పట్టించుకోలేదు.

వాడు నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోయాడు. పావుగంటలో బ్రౌజర్ హోమ్ పేజీ మారిపోయింది. 'మీ కంప్యూటర్‌లో వందల తప్పులున్నాయి, డబ్బు కట్టండి' అని స్క్రీన్ మూలన ఒక డబ్బా లేచి కూర్చుంది. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "గా డబ్బా మా పత్రికల రాదు గద బిడ్డా?" అని అడిగాడు.

ఆ సంతకం చెప్పేది రెండే ముక్కలు: ఫైల్ ఎవరిది, సంతకం పెట్టాక దాన్ని ఎవరైనా మార్చారా లేదా. ఇల్లు అద్దెకు అడిగినవాడు ఆధార్ చూపిస్తే పేరు నిజమని తెలుస్తుంది, నెలనెలా అద్దె కడతాడని తెలుస్తుందా? చెత్త అంటగట్టే కంపెనీలు కూడా డబ్బు కట్టి, సంతకం పెట్టడానికి కావాల్సిన సర్టిఫికెట్ తెచ్చుకుంటాయి. 2017లో కంప్యూటర్‌లో చెత్త ఊడ్చే సీక్లీనర్ అనే సాఫ్ట్‌వేర్ 5.33 వెర్షన్ లోపల దొంగ కోడ్‌తో బయటికొచ్చింది, దాని మీద ఉన్నది అసలు కంపెనీ సంతకమే. జిప్ ఫైళ్లు విప్పే సెవెన్‌జిప్ ఏమో ఏళ్ల తరబడి సంతకం లేకుండానే వచ్చింది, దానితో మాకు ఒక్కనాడూ ఇబ్బంది లేదు.

   

ఇప్పుడు నేను ముందు సంతకంలో పేరు చూస్తాను. వీడియోలు చూసే వీఎల్‌సీ అయితే సంతకం దాన్ని తయారుచేసే వీడియోల్యాన్‌ది ఉండాలి, ఇంకెవరిదైనా ఉంటే ఫైల్ డిలీట్. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌కి పోతే, ఇలాంటి అక్కర్లేని యాప్‌లను ఆపే బటన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

కానీ నా లెక్కలో అసలు దొంగలు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందే టిక్కు పెట్టి ఉంచే ఆ గడులు. రికమెండెడ్ అని పెద్ద అక్షరాల్లో ఊరిస్తారు, అక్కర్లేని సామానంతా అందులోనే ఉంటుంది. కస్టమ్ నొక్కి ఒక్కో టిక్కూ తీసేయాలి. అడగకుండా ప్లేటులో స్వీటు పెట్టి బిల్లులో కలిపే హోటల్‌కీ వీళ్లకీ తేడా ఏముంది?

ఆ రాత్రి సిస్టమ్ ఫార్మాట్ కొట్టి, తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు మళ్లీ ఎక్కించేసరికి పదకొండు దాటింది. ఇంతకీ పెద్దాయన మ్యాటర్ మొత్తం ఇరవై లైన్లు. పక్క సిస్టమ్‌లో కూర్చుని చేత్తోనే టైపు చేసి ఇచ్చాం.